తోట ఇంటికి తుపాకీ కావాలా? లైసెన్సు, శిక్షణ, ఆత్మరక్షణ గురించి

ప్రశ్న: మాది దామలచెరువు దగ్గర పల్లె. మామిడి తోటలోనే ఇల్లు. కాయల కాలంలో మండీలో కమిషన్ వ్యాపారం చేస్తాను, రాత్రిపూట డబ్బుతో ఇంటికి రావాల్సి వస్తుంది. ఈమధ్య మా చుట్టుపక్కల రెండిళ్ళలో దొంగలు పడ్డారు. ఇంట్లో నేను, మా ఆవిడ, మా అమ్మ, తిరుపతిలో డిగ్రీ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి పిల్లోడు ఉంటాం. తుపాకీ లైసెన్సు ఎలా వస్తుంది? కాల్చడం ఎక్కడ నేర్పుతారు? అది వచ్చేలోగా ఎయిర్ గన్ పెట్టుకోవచ్చా? అడివి పందుల కోసం వాడే నాటు తుపాకీ ఒకటి ఇప్పిస్తానని తెలిసినాయన అంటున్నాడు. దొంగ ఇంట్లోకి వస్తే కాల్చినా కేసు అవుతుందా? అమ్మాయి బ్యాగులో ఏం పెట్టమంటారు?

సమాధానం: నాటు తుపాకీ సంగతి ముందు తేల్చుకుందాం. మిగతావన్నీ నిదానంగా ఆలోచించుకోవచ్చు, ఇది మాత్రం ఈ వారంలోనే మీ ఇంటికి వచ్చేసేలా ఉంది. దాన్ని గడప దాటనివ్వకండి. లైసెన్సు లేని తుపాకీ దొరికితే ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళు జైలు. 2019 సవరణకు ముందు ఇది 1 నుంచి 3 ఏళ్ళు ఉండేది. దానితో మీరు నిజంగానే ప్రాణం కాపాడుకున్నారనుకుందాం. ఆత్మరక్షణ వేరు, అక్రమ ఆయుధం వేరు. మొదటిది కోర్టు ఒప్పుకున్నా రెండో కేసు అలాగే నిలబడుతుంది.

చట్టం మాట పక్కన పెట్టినా ఆ వస్తువే ప్రమాదం. ఫ్యాక్టరీలో చేసిన తుపాకీ గొట్టాన్ని మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా కాల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. నాటు తుపాకీ గొట్టం చాలాసార్లు ఉత్త ఇనుప పైపు. తుపాకీ మందు చేతి అంచనాతో పోస్తారు. కాస్త ఎక్కువైతే గొట్టం చీలుతుంది, లేదా వెనక బిగించిన బిరడా ఊడి కాల్చినవాడి మొహానికే తగులుతుంది. పైగా మూతి లోంచి మందు కూరిన తుపాకీని మళ్ళీ ఖాళీ చేయడం తేలిక కాదు. అందుకని కూరింది కూరినట్టే గోడకు వేలాడుతుంది. ఆ గోడ కింద మీ పిల్లోడు తిరుగుతుంటాడు.

పందుల బెడద నిజమే. దానికి చట్టంలోనే దారి ఉంది. 20 అంగుళాలకు తక్కువ కాని గొట్టం ఉన్న నున్న గొట్టం తుపాకీని రక్షణకో క్రీడకో, మూతి నుంచి మందు కూరే తుపాకీని పంట కాపుకో అడిగితే, ఆయుధాల చట్టం 13వ సెక్షన్ వాటిని మిగతా తుపాకుల కంటే అనుకూలంగా చూస్తుంది. అయితే లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టడానికి వీల్లేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి విడిగా ఉండాలి. తోట చుట్టూ కరెంటు తీగ మాత్రం ఎప్పుడూ లాగొద్దు. అది పందిని, దొంగని, నీళ్ళు కట్టడానికి వచ్చిన కూలీని వేరు చేసి చూడదు. మనిషి చనిపోతే దాన్ని ఆత్మరక్షణ అని ఏ కోర్టూ అనదు.

ఇక లైసెన్సు. మీకు 21 ఏళ్ళు నిండాయి కాబట్టి అర్హత ఉంది. దరఖాస్తు మీ జిల్లా కలెక్టర్‌కు, ఫారం ఎ-1లో, కేంద్ర హోం శాఖ ఆయుధ లైసెన్సుల వెబ్‌సైట్ ద్వారా. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా విడిపోయింది కనుక మీ మండలం ఇప్పుడు ఏ కలెక్టరేట్ కిందికి వస్తుందో చూసుకుని పెట్టండి. మీ పాత కాగితాల్లో చిత్తూరు అని ఉండొచ్చు. ఫొటోలు, వయసు, చిరునామా రుజువులు, డాక్టర్ సర్టిఫికెట్, తుపాకీని భద్రంగా ఉంచుతానన్న హామీ పత్రం, శిక్షణ పొందినట్టు ఎస్-1 సర్టిఫికెట్ జతచేయాలి. ఆ తర్వాత మీ స్టేషన్ నుంచి విచారణకు వస్తారు. 'ఎందుకు కావాలి' అన్న దగ్గరే ఎక్కువ దరఖాస్తులు ఆగిపోతాయి. 'భయంగా ఉంది' అని రాస్తే చాలదు. మండీ లైసెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్, దొంగతనాల మీద పక్కింటివాళ్ళు ఇచ్చిన ఫిర్యాదుల ఎఫ్ఐఆర్ నకళ్ళు, ఇల్లు ఊరికి ఎంత దూరమో తెలిపే వివరం, వీటితో కారణం చూపించండి. ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో కాదనకూడదు. కాదంటే కారణం రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది, పైకి అప్పీలు ఉంది. వస్తే 5 ఏళ్ళు చెల్లుతుంది. ఒక మనిషికి గరిష్ఠంగా 2 తుపాకులు. ఎన్నికలప్పుడు పోలీసులు అడిగితే స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలి.

ఏ తుపాకీ అడగాలి? 9 ఎంఎం పిస్టల్ నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత), మామూలు లైసెన్సు మీద రాదు. సామాన్యులకు వచ్చేవి .32 రివాల్వర్ లేదా పిస్టల్, .22, 12 బోరు తుపాకీ లాంటివి. కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ 2014లో 'నిర్భీక్' పేరుతో సుమారు అర కిలో బరువున్న .32 రివాల్వర్‌ను ముఖ్యంగా ఆడవాళ్ళను దృష్టిలో పెట్టుకుని తెచ్చింది. తేలికది అనగానే సులువు అనుకోకండి. బరువు తక్కువైన కొద్దీ చేతిలో ఎగురుడు ఎక్కువ, గొట్టం పొట్టిదైన కొద్దీ గురి కష్టం. తోట ఇంటికి అయితే నా ఓటు 12 బోరు డబుల్ బ్యారెల్‌కే, అంటే రెండు గొట్టాల తుపాకీకే. తెరిస్తే లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది, చట్టం కూడా దానికే కాస్త దారి ఇస్తుంది. అయితే '12 బోరుకు గురి అక్కర్లేదు, అటువైపు తిప్పితే చాలు' అంటారే, అది తప్పు. దాని తూటాలోని రవ్వలు సుమారు గజానికి ఒక అంగుళం చొప్పున విచ్చుకుంటాయి. మీ హాల్లో నాలుగైదు గజాల దూరంలో ఆ గుంపు పిడికిలంతే ఉంటుంది. గురి తప్పితే మొత్తం తప్పినట్టే, ఆ రవ్వలు వెళ్ళేది పక్క గదిలో పడుకున్న అమ్మ వైపు.

కొనే ముందు ఒక్కటి ఆలోచించండి. మంచి శిక్షణ ఉన్న పోలీసు కూడా ఒరలోంచి తుపాకీ తీసి కాల్చేసరికి సెకనున్నర పడుతుంది. ఆ సమయంలో కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగులు పరిగెత్తి వచ్చేస్తాడని అమెరికాలో డెన్నిస్ ట్యూలర్ అనే పోలీసు శిక్షకుడు 1980ల్లో చూపించాడు. మీ తుపాకీ ఒరలో ఉండదు, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది, తూటాలు ఇంకో తాళంలో ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో అలాగే ఉండాలి. నిద్రలోంచి లేచి, చీకట్లో, చేతులు వణుకుతుండగా రెండు తాళాలు తీయడానికి ఒక నిమిషం వేసుకోండి. అంటే దొంగను తలుపు దగ్గర ఆ నిమిషం ఆపగలిగితేనే తుపాకీ అక్కరకు వస్తుంది. నిమిషం ఆపగలిగితే చాలావరకు తుపాకీ అవసరమే రాదు. అందుకే డబ్బు, శ్రద్ధ ముందు తలుపు మీద పెట్టమంటున్నాను.

మన ఇళ్ళలో ముందు తలుపు టేకుది, వెనక తలుపు రేకుది. దొంగ వచ్చేది వెనక నుంచే. వెనక తలుపు గడియ తెరిచి స్క్రూలు చూడండి. అర అంగుళం స్క్రూలే ఉంటాయి. రెండు తన్నులకు గడియ అలాగే ఉండి చెక్కలోంచి స్క్రూలు ఊడి వస్తాయి. గడియ దూరే పట్టీకి, బందులకు ద్వారబంధం దాటి గోడలోకి దిగేలా 3 అంగుళాల స్క్రూలు వేయించండి. పైన ఒకటి, కింద ఒకటి గడియ ఉండాలి. గ్రిల్ గేటుకు లోపలి తాళం చువ్వల సందులోంచి చేయి పెడితే అందుతుందేమో బయట నిలబడి మీరే పెట్టి చూడండి. అందితే రేకు ముక్క వెల్డింగ్ చేయించండి. మనిషి కదిలితే వెలిగే లైట్లు చూరు కింద, చేతికి అందని ఎత్తులో, ఇంటి నాలుగు మూలలా పెట్టించండి. అందరూ చేరి లోపల గడియ పెట్టుకోవడానికి ఒక గది అనుకోండి. అందులో చార్జింగ్‌లో ఒక ఫోను, టార్చి, లావుపాటి గడియ. 112కు చేస్తే మొదటి మాట ఊరి పేరు, రెండో మాట గుర్తు ('ఫలానా రైసుమిల్లు దాటి ఎడమ మట్టిరోడ్డు'), మూడోది ఏం జరుగుతోందో. పేరు, కులగోత్రాలు తర్వాత. తోటలో సిగ్నల్ ఏ మూల అందుతుందో ఇప్పుడే చూసిపెట్టుకోండి. ఊరెళ్ళేటప్పుడు పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సేవ గురించి స్టేషన్లో అడగండి. తాళం వేసిన ఇంట్లో వాళ్ళే కెమెరా పెట్టి చూస్తారు.

దారిలో డబ్బు గురించి కూడా ఒక మాట. తుపాకీ ఉన్నా మోటార్ సైకిల్ మీద హ్యాండిల్ వదిలి దాన్ని తీయలేరు. వీలైనంత చెల్లింపులు బ్యాంకుకే పంపించుకోండి. మిగిలిన నగదుతో రోజూ ఒకే వేళకు, ఒకే దారిన రావద్దు. చొక్కా మీద మురికి పడిందని చెప్పడం, టైరు పంచరైందని చూపించడం, కింద నోట్లు రాల్చడం, ఇవన్నీ మీ చేతిని సంచి మీద నుంచి తీయించడానికే. ఎవరు ఏం చెప్పినా ముందు సంచి, తర్వాత చొక్కా. వెనక బండి వదలకుండా వస్తోందని అనుమానం వస్తే ఇంటికి తిరగకండి. నేరుగా పాకాల పోలీసు స్టేషన్ ముందో, జనం ఉన్న బంకు దగ్గరో ఆపండి.

శిక్షణ దగ్గరికి వద్దాం. రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌కు, దాని ద్వారా జాతీయ రైఫిల్ అసోసియేషన్‌కు అనుబంధంగా ఉన్న క్లబ్‌ను వెతకండి. ఇక్కడ తీసుకునే ఎస్-1 చెల్లుతుందా అని కలెక్టరేట్‌లో ఆయుధాల విభాగాన్ని ముందే అడిగి చేరండి. డబ్బు కట్టగానే సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాడి దగ్గరికి వెళ్ళొద్దు. తొలి రెండు తరగతుల్లో తూటా ముట్టుకోనివ్వని శిక్షకుడు మంచి శిక్షకుడు. అక్కడ వినిపించే నాలుగు సూత్రాలు ఇవి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. కాల్చకూడని దానివైపు మూతి తిప్పకు. గురి కుదిరే దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. లక్ష్యమే కాదు, దాని వెనకేముందో చూడు. తోటలో నాలుగోది మరీ ముఖ్యం. .32 తూటా చెక్క తలుపును, రేకును దాటి వెళ్తుంది, ఆ రేకుల షెడ్డులో కాపలావాడి కుటుంబం పడుకుని ఉండొచ్చు.

ఇంట్లో జరిగే ప్రమాదాల్లో ఒకటి చాలా మామూలుది, 'ఖాళీ' పిస్టల్ పేలడం. మ్యాగజైన్ (తూటాలుండే డబ్బీ) తీసేశారు, ఖాళీ అయిపోయింది అనుకున్నారు. గొట్టం వెనక ఛాంబర్లో ఒక తూటా ఉండిపోతుంది. సరైన వరస ఇది: మూతి ఇసుక బస్తాల వైపో నేల వైపో తిప్పి, వేలు ట్రిగ్గర్ బయట ఫ్రేము మీద నిటారుగా పెట్టాలి. ముందు మ్యాగజైన్ తీయాలి. తర్వాతే పైనున్న స్లైడును వెనక్కి లాగాలి, రెండు మూడు సార్లు. చివర్లో దాన్ని వెనకే ఆపి, ఛాంబర్లోకి కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి తడమాలి. వరస తిరగేసి ముందు స్లైడు లాగారో, పాత తూటా బయటపడుతుంది, స్లైడు ముందుకెళ్తూ మ్యాగజైన్లోంచి కొత్త తూటాను ఛాంబర్లోకి తోసేస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీసినా తుపాకీ నిండే ఉంటుంది. ఈ వరస వేళ్ళకు అలవాటయ్యే దాకా డమ్మీ తూటాలతోనే చేయించమనండి.

డబుల్ బ్యారెల్‌లో పైనున్న మీటను పక్కకు తోస్తే గొట్టాలు ముందుకు వాలతాయి. రెండు తూటాలూ తీసి, గొట్టాల్లోంచి వెలుతురు వైపు చూడండి. బురద ముద్ద, గుడ్డ పీలిక, కందిరీగ కట్టిన మట్టి గూడు, ఏది అడ్డున్నా కాల్చినప్పుడు గొట్టం ఉబ్బి చీలుతుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్‌మని ఊరుకుందా? వెంటనే తెరవకండి. మూతి అటే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలొచ్చు. మామూలు చప్పుడుకు బదులు తుస్సుమందా? ఇంకో తూటా పెట్టకండి, మొదటిది గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. తుపాకీ వెనకవైపు కట్టెను భుజం గుంటలోకి గట్టిగా అదిమి పట్టాలి. వదులుగా పడితే దెబ్బ భుజం ఎముకకు, చెంపకు తగులుతుంది. చెవులకు రక్షణ, కళ్ళకు అద్దాలు లేకుండా ఒక్క తూటా కూడా వద్దు.

ఇంట్లో పెట్టె గోడకు బిగించి ఉండాలి. తాళంచెవి బీరువా మీద, దేవుడి పటం వెనక పెట్టొద్దు, పిల్లలకు ముందు తెలిసేవి ఆ చోట్లే. పెళ్ళికో, ఊరేగింపుకో గాల్లో కాల్చడం అనే సరదా ఉంటే ఇప్పుడే మానుకోండి. 2019 నుంచి దానికి 2 ఏళ్ళ వరకు జైలో, లక్ష వరకు జరిమానానో, రెండూనో పడతాయి.

ఎయిర్ గన్: 4.5 మి.మీ. బోరు, 20 జౌల్స్ శక్తి దాటనిదానికి లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపించి బిల్లుతో కొనండి. కానీ దాన్ని దొంగ మీదికి చూపించొద్దు. అది అతన్ని ఆపదు, అతనికి మాత్రం అసలు తుపాకీలాగే కనిపిస్తుంది, అతని దగ్గర కత్తి ఉంటే ఇక వెనకాడడు. నేర్చుకోవడానికి మాత్రం చక్కటి వస్తువు. 10 మీటర్ల దూరంలో కాగితం కట్టి, వెనక మందపాటి గోనె, పాత రబ్బరు షీటు వేలాడదీయండి. బండరాయి వెనకుంటే సీసం గుండు తిరిగి మీ కంటికే వస్తుంది. గొట్టం విరిచి గుండు పెట్టేటప్పుడు రెండో చేయి గొట్టాన్ని వదలకూడదు. పట్టు జారితే స్ప్రింగు దాన్ని ఎగరేసి వేళ్ళు చితక్కొడుతుంది. గుండు లేకుండా ఉత్తినే కాల్చితే లోపలి పిస్టన్ సీలు పాడవుతుంది. వారానికి రెండు మూడు రోజులు, రోజుకు 30, 40 గుండ్లు చాలు. అలసిపోయాక కాల్చేవి తప్పులనే అలవాటు చేస్తాయి. అయ్యాక సబ్బుతో చేతులు కడగండి, అది సీసం.

కాల్చితే కేసు అవుతుందా అంటే, అవుతుంది. విచారణ తప్పదు. తుపాకీ స్వాధీనం చేసుకుంటారు. ఆత్మరక్షణ అని చూపించాల్సింది మీరే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దీని గురించే. ప్రాణానికో, తీవ్ర గాయానికో నిజమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం పోయేంత వరకు హక్కు ఉంది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి చొరబడితే కూడా ఉంది. కానీ 37వ సెక్షన్ రెండు గీతలు గీసింది. పోలీసుల సాయం పొందే సమయం ఉన్నప్పుడు ఆ హక్కు లేదు, అవసరానికి మించి హాని చేయకూడదు. పగలు కాయలు కోసుకుపోతున్నవాడి మీద, గోడ దూకి పారిపోతున్నవాడి వీపు మీద, చేతులెత్తేసినవాడి మీద కాల్చితే అది రక్షణ కిందికి రాదు. వీపులో తగిలిన తూటాకు లాయరు దగ్గర జవాబు ఉండదు. అలాంటిది జరిగితే తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టి, 112కు, గాయపడిన మనిషి దొంగైనా సరే 108కి ఫోన్ చేయండి. ఏదీ కదపొద్దు, కడగొద్దు. లాయరు వచ్చే దాకా జరిగింది క్లుప్తంగా చెప్పండి, ఊహించి ఏమీ కలపొద్దు.

అమ్మాయి సంగతి. పాకాల నుంచి రోజూ రైల్లోనో బస్సులోనో వెళ్ళే అమ్మాయికి పెప్పర్ స్ప్రే సరిపోతుంది. దానికి లైసెన్సు అక్కర్లేదు. ఇది బ్యాగు అడుగున కాదు, చేతికి అందే జేబులో ఉండాలి. దూరం 2, 3 మీటర్లు. గాలికి ఎదురుగా కొడితే తన కళ్ళలోనే పడుతుంది, బస్సు లోపల కొడితే అందరికీ పడుతుంది, అలాంటి చోట్ల పొగమంచులా చిమ్మేదాని కంటే జెల్ రకం మేలు. కళ్ళకు గురిపెట్టి సెకను సేపు కొట్టి, వెంటనే పక్కకు జరిగి పరిగెత్తాలి. నిలబడి చూడకూడదు. కొన్నాక ఒకసారి తోటలో ఉత్త గాలిలోకి అర సెకను కొట్టి చూపించండి, మొదటిసారి వాడడం ఆపదలో కాకూడదు. తన కంట్లో పడితే రుద్దకుండా చల్లటి నీళ్ళు ధారగా పోసుకోవాలి. ఫోన్లో 2025లో రాష్ట్ర పోలీసులు ఆడవాళ్ళ రక్షణకు తెచ్చిన శక్తి యాప్ వేయించండి, 112, మహిళల హెల్ప్‌లైన్ 181 నొక్కడం ఒకసారి చేసి చూపించండి. స్ప్రే డబ్బా మీద గడువు తేదీ చూసి క్యాలెండర్ మీద రాసుకోండి, గడువు దాటితే లోపలి ఒత్తిడి తగ్గి మీటరు కూడా వెళ్ళదు. కొండకు వెళ్ళే రోజు మాత్రం దాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళమనండి, అలిపిరి తనిఖీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు చేతి సామానులో కూడా దాన్ని ఉంచనివ్వరు.